పక్కింటాయన ఇచ్చిన రేకు డబ్బాలో ఏడు సిగరెట్ కార్డులు: ఎప్పటివో ఎలా తేల్చాలి?

శ్రీకర్_న్యూజెర్సీ

అందరికీ నమస్తే. ఇక్కడ చదివి వెళ్లిపోయే బాపతు నేను. రాయడం ఇదే మొదటిసారి.

మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. మొన్న ఆదివారం గరాజ్ ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. మావాడు లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, ఆడతాడని ఆయనకి తెలుసు. ఒక తుప్పు డబ్బా వాడి చేతిలో పెట్టి "ఇవి మా నాన్నవి, ఇక నీవి" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఏడు బేస్‌బాల్ కార్డులు. వెడల్పు అగ్గిపెట్టెంత, పొడవు దానికంటే కాస్త ఎక్కువ. ముందు రంగుల్లో ఆటగాడి బొమ్మ, వెనక సిగరెట్ ప్రకటన. సంవత్సరం ఎక్కడా లేదు.

డాలెన్, బ్రూక్లిన్ అని ఒకటి, వెనక నీలం సిరాతో పీడ్‌మాంట్. స్వీట్ కాపొరల్ అని ఎర్ర సిరావి రెండు. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలతో పోలార్ బేర్ ఒకటి, దాని మీద టీ ఒలికినట్టు మరకలు. నాష్‌విల్ ఆటగాడిది ఒకటి, వెనక, నమ్ముతారో లేదో, "హిందూ సిగరెట్స్" అని గోధుమ రంగులో ఉంది. ఇంకోదానికి కింది అంచు ఎలుక కొట్టేసింది, పేరు పోయింది. అందులో ఆటగాడి చేతిలో వెండి కప్పు ఉంది, వెనక పీడ్‌మాంట్. ఆఖరిది ఆ రోజుల్లో పేరుమోసిన ఆటగాడు టై కాబ్, ఎర్ర బ్యాక్‌గ్రౌండ్, వెనక కూడా టై కాబ్ పేరే!

ఊళ్లోంచి వచ్చిన మా అమ్మ హిందూ కార్డు చూసి "సిగరెట్లకి ఇదేం పేరురా, అప్రదిష్ట" అంది. అసలువో కాదో, ఎప్పటివో చెప్పగలరా?

ఓరుగల్లు_అనిల్

అన్నా, అండ్ల వాగ్నర్ కార్డు, గా లచ్చల డాలర్లు పలికేది, ఉన్నదా సూడు ముందు. ఉంటే రేపటి సంది నౌకరీ బంద్ జెయ్యి.

శ్రీకర్_న్యూజెర్సీ

లేడు తమ్ముడూ. మూడుసార్లు వెతికా 😄

పాతకాగితాల_పద్మ

శ్రీకర్, కార్డులు చేత్తో రుద్దడం, తడిగుడ్డతో తుడవడం చెయ్యకు. ఒక్కోదాన్ని మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, అప్పుడు ఫొటోలు తియ్యి. నేను ఒహాయోలో పద్దెనిమిదేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను. నువ్వు చెప్పిన వివరాలు చూస్తే ఒకటి తప్ప మిగతావన్నీ టీ206 బాపతు అనిపిస్తోంది. ఆ ఒక్కటి ఏదో చివర చెప్తా.

టీ206 అనేది కంపెనీ పెట్టిన పేరు కాదు. సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి. దేశంలోని ప్రకటన కార్డులన్నిటికీ కేటలాగు రాశాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకి టీ, పంతొమ్మిదో శతాబ్దపు వాటికి ఎన్, పాత మిఠాయి కార్డులకి ఈ. ఆ లెక్కలో ఇది 206వ సెట్టు. తను పోగేసిన మూడు లక్షల పైచిలుకు కాగితాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు, ఏళ్ల తరబడి తనే వెళ్లి ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించాడు, మార్చిలో పోయాడు.

అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా తన సిగరెట్ పెట్టెల్లో వేసిన కార్డులివి. పెట్టె నలక్కుండా అట్ట, పనిలో పని ప్రకటన, పిల్లలకి బొమ్మ. సెట్టు మొత్తం 524. కొలత ఇంచుమించు 36.5 మిల్లీమీటర్ల వెడల్పు, 66.7 పొడవు. నీ ఏడూ స్కేలు పెట్టి కొలిచి చెప్పు.

ముందువైపు చూస్తే ఆటగాడెవరో తెలుస్తుంది. ఏ సంవత్సరమో తెలియాలంటే వెనక చదవాలి. "150 సబ్జెక్ట్స్", అంటే 150 బొమ్మలు, అని ఉందా, "350" అని ఉందా, "350-460" అని ఉందా? 150 వి మొదట వచ్చినవి, 1909లో మొదలయ్యాయి. 350 వి 1910వి. 460 అంకె ఉన్నవి ఆఖరివి, 1910 చివర, 1911. ఉన్నవి ఉన్నట్టు రాయి.

శ్రీకర్_న్యూజెర్సీ

పద్మగారూ, కొలిచాను. ఎలుక కొట్టినదాని పొడవు తప్ప అన్నీ మీరు చెప్పిన కొలతకి దగ్గర్లోనే ఉన్నాయి, అర మిల్లీమీటరు అటూ ఇటూ.

స్వీట్ కాపొరల్ రెండింటి మీదా "150 సబ్జెక్ట్స్", కింద "ఫ్యాక్టరీ నంబర్ 30, సెకండ్ డిస్ట్రిక్ట్, న్యూయార్క్". పీడ్‌మాంట్ రెండింటి మీదా "350 సబ్జెక్ట్స్", "ఫ్యాక్టరీ నంబర్ 25, సెకండ్ డిస్ట్రిక్ట్, వర్జీనియా". పోలార్ బేర్ మీద అంకె లేదు. కాబ్ మీదా లేదు.

ఈ ఫ్యాక్టరీ నంబర్ ఏంటి? బొమ్మలు అచ్చు వేసిన చోటా?

బ్యారన్_బాబ్జీ

ఇది నా సబ్జెక్టు, నన్ను చెప్పనివ్వండి.

నేనుండేది వర్జీనియాలో రిచ్‌మండ్. పుట్టింది కొండపి దగ్గర. మా నాన్నకి రెండు బ్యారన్లు, అంటే పొగాకు కాల్చే కొట్టాలు. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని ఆకు పండేదాకా కాపలా కాసిన బతుకు మాది. మా ఊళ్లో పెద్దా చిన్నా "వర్జీనియా, వర్జీనియా" అంటుంటే అదో పొగాకు పేరనుకునేవాణ్ణి. అదొక రాష్ట్రమని ఐదో క్లాసులో తెలిసింది. ఇప్పుడు అక్కడే కరెంటు బిల్లు కడుతున్నా.

ఫ్యాక్టరీ 25 మా రిచ్‌మండ్‌దే. బొమ్మలు అచ్చేసింది అక్కడ కాదు. న్యూయార్క్‌లో అమెరికన్ లితోగ్రాఫిక్ కంపెనీ అచ్చేసి పంపితే, ఇక్కడ పెట్టెల్లో పెట్టేవాళ్లు. ఈ నంబరు పన్నుల శాఖ ఇచ్చింది. అప్పట్లో పొగాకు మీద ఫెడరల్ పన్ను. పన్ను వసూలుకి దేశాన్ని జిల్లాలుగా చేసి, ఒక్కో జిల్లాలో ఒక్కో కార్ఖానాకి నంబరు ఇచ్చారు. సరుకు ఏ కార్ఖానాదో రాసి తీరాలి. బ్రాండుకీ దీనికీ ముడి లేదు. ఫ్యాక్టరీ 25 పీడ్‌మాంట్ కార్డుల మీదా ఉంటుంది, కొన్ని స్వీట్ కాపొరల్ కార్డుల మీదా ఉంటుంది.

అన్ని బ్రాండ్లూ ఒకే సంస్థవి ఎలా అయ్యాయంటే, జేమ్స్ బుకానన్ డ్యూక్ అనే ఆయన 1890లో పెద్ద సిగరెట్ కంపెనీలన్నిటినీ కలిపేసి ట్రస్టు కట్టాడు. 1911 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని ముక్కలు చెయ్యమంది. టీ206 ముగిసిందీ ఆ ఏడే. అదే ట్రస్టు 1902లో ఇంగ్లండు కంపెనీతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టింది. తర్వాత మన గుంటూరు వైపు వర్జీనియా ఆకు పండించింది ఆ వర్గమే. కాబట్టి శ్రీకర్, ఆ కార్డుకీ మా నాన్న బ్యారన్‌కీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఓరుగల్లు_అనిల్

బాబ్జీ అన్నా మస్తు చెప్పినవ్. మేం చిన్నప్పుడు చార్మినార్ పెట్టెలు చింపి బచ్చాలు ఆడెటోళ్లం. అవి దాసిపెట్టుకున్నా అయిపోవు గదా!

పాతకాగితాల_పద్మ

అనిల్, బచ్చాల్లో బేస్‌బాల్ ఆటగాళ్లు లేరు, అదే మన ఖర్మ 😄

శ్రీకర్, నీ స్వీట్ కాపొరల్ రెండూ మొదటి విడతవి. డాలెన్ కార్డు నాకు బాగా నచ్చింది. ఆయనవి రెండున్నాయి సెట్టులో. ఒకటి బోస్టన్, రెండోది బ్రూక్లిన్. బిల్ డాలెన్ 1909లో బోస్టన్‌కి ఆడాడు, 1910కి బ్రూక్లిన్ మేనేజర్‌గా వెళ్లాడు. అచ్చువాళ్లు బొమ్మ అదే ఉంచి కింద ఊరి పేరు మార్చేశారు. నీది బ్రూక్లిన్, వెనక 350. వెనక అంకె ఏం చెప్తోందో ముందు ఊరి పేరూ అదే చెప్తోంది. 1910. రెండు వైపులా ఒకే మాట చెప్తే నమ్ము. బ్రూక్లిన్ డాలెన్ వెనక "150 సబ్జెక్ట్స్" అని ఎవడైనా అమ్మజూపితే నకిలీ, ఇంకేం చూడక్కర్లేదు.

ఇలా జట్టు మారినవాళ్లు ఇంకా ఉన్నారు. కిడ్ ఎల్బర్‌ఫెల్డ్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్. రే డెమిట్, బిల్ ఒహారా న్యూయార్క్ నుంచి సెయింట్ లూయిస్. ఆఖరి ఇద్దరి సెయింట్ లూయిస్ కార్డులు పోలార్ బేర్ వెనకతో తప్ప దొరకవు. నీ పోలార్ బేర్ ఎవరు? ఊపిరి బిగబట్టి అడుగుతున్నా.

శ్రీకర్_న్యూజెర్సీ

బోస్టన్ అండి. వదిలెయ్యండి ఊపిరి.

పాతకాగితాల_పద్మ

పోనీలే. ఆ మరకలు టీ కాదు. పోలార్ బేర్ సిగరెట్ కాదు, నమిలే పొగాకు తుక్కు. సంచీలో కార్డు ఆకుతో పాటే నలిగేది, అందుకే గోధుమ మచ్చలు. అసలుదానికి అదో లక్షణం. అలాగని మరక ఉంటే పాతదే అనుకోవద్దు. రీప్రింట్‌ని టీ డికాషన్‌లో ముంచి అమ్మేవాళ్లను నా కళ్లారా చూశా. టీలో ముంచింది ఒకే రంగు తిరుగుతుంది, అంచుల్లో గీత కడుతుంది. ఆకు మచ్చలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి.

హిందూ రెండు రంగుల్లో వచ్చింది. గోధుమది ముందు, ఎరుపుది తర్వాత. ఎరుపు చాలా అరుదు. నీది గోధుమ. నాష్‌విల్ వాడంటే దక్షిణాది చిన్న లీగులవాడు. అలాంటివాళ్లు సెట్టులో 48 మందే. వాళ్ల వెనక పీడ్‌మాంట్, ఓల్డ్ మిల్, గోధుమ హిందూ ఈ మూడే కనిపిస్తాయి. కాబట్టి అదీ సరిపోయింది. ఏడింటిలో నేను కళ్లకద్దుకునేది అదే. మీ అమ్మగారికి చెప్పు, అప్రదిష్ట కాదు, అదృష్టం అని.

డాలస్_దివ్య

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఆఫీసులో ఒకాయన దగ్గర జో టింకర్ కార్డు చూశా. ఇదే సైజు, కానీ చుట్టూ బంగారు అంచు, వెనక చిన్న జీవిత చరిత్ర, ఆటగాడి సంతకం కూడా అచ్చయి ఉంది. అదీ టీ206 ఏనా?

పాతకాగితాల_పద్మ

కాదు దివ్యా, అది టీ205. 1911. బంగారు అంచు అస్తమానం పెచ్చులు రాలుతుంది. అంచు నిగనిగలాడుతూ ఉంటే అనుమానించాలి, ఎవరో రంగు పూశారని. సంతకం ఉంటే నేషనల్ లీగ్ ఆటగాడు. అదే బూడిద, గోధుమ ఛాయలో నిజం ఫొటో అట్టకి అంటించి, కింద ఓల్డ్ జడ్జ్ అని సిగరెట్ పేరు ఉంటే ఇరవై ఏళ్ల ముందుది, ఎన్172, 1886 నుంచి 1890 లోపుది.

శ్రీకర్_న్యూజెర్సీ

మరి కాబ్ సంగతి? నెట్‌లో చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఎర్ర కాబ్ కార్డుకి వెనక కాబ్ పేరుతో వచ్చిన పొగాకు ప్రకటన ఉంటే చాలా అరుదట. "కింగ్ ఆఫ్ ది స్మోకింగ్ టొబాకో వరల్డ్" అని రాసి ఉంది, అచ్చం అలాగే. 2016లో దక్షిణాదిలో ఎవరో చనిపోయినవాళ్ల ఇంట్లో నలిగిన కాగితం సంచీలో అలాంటివి ఏడు దొరికాయట. చెత్తలో పడెయ్యబోయారట. నాదీ డబ్బాలోనే దొరికింది కదా...

పాతకాగితాల_పద్మ

ఆ కథ నిజమే. కానీ నేను మొదట "ఒకటి తప్ప" అన్నది దీని గురించే. మెరుస్తోందా ముందువైపు?

శ్రీకర్_న్యూజెర్సీ

అవునండి, మిగతావాటికి లేని మెరుపు ఉంది దీనికి.

పాతకాగితాల_పద్మ

మెరుపును బట్టి తీర్పు చెప్పను, ఎందుకంటే అసలు కాబ్ వెనక కార్డులకీ పైన మెరుగు పూత ఉంటుంది. ఇక్కడ నాకంటే సూర్యంగారు నయం. మాస్టారూ, ఉన్నారా?

ప్రెస్సు_సూర్యం

ఉన్నానమ్మా. మధ్యాహ్నం కునుకు తీసి ఇప్పుడే చూశా.

బేస్‌బాల్ నాకు ఓనమాలు రావు. బెజవాడలో ముప్ఫై ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపాను, అచ్చు మాత్రం తెలుసు. బాబూ శ్రీకర్, పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఉందా? ప్రెస్సుల్లో ప్లేటు చూసుకునేది, లూపు అంటాం. లేకపోతే ఫోన్ కెమెరాకి తగిలించేది కొనుక్కో.

డాలెన్ కార్డు ముఖం మీద పెట్టి చూడు. రంగులు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఒక చుక్క చిన్నది, ఒకటి పెద్దది, ఒక చోట గుంపు, ఒక చోట పలుచన. అదంతా మనిషి చేతి పని. ఒక్కో రంగుకీ ఒక్కో రాతి అచ్చు, ఒకదాని మీద ఒకటి అద్దుతారు. అందుకే ఒక్కోసారి రిజిస్టర్, అంటే రంగుల పొందిక, తప్పి, పెదవి రంగు గడ్డం మీదకి జారుతుంది. ఇప్పుడు కింద పేరు చూడు. అక్షరాలు గోధుమ సిరాతో నిండుగా, చుక్కల్లేకుండా, గీసినట్టు ఉండాలి.

తర్వాత అదే లూపు కాబ్ మీద పెట్టు. బియ్యప్పిండి ముగ్గులో వరస తప్పని చుక్కల్లా, నాలుగు రంగులు గులాబీ రేకుల్లా కూడి కనిపిస్తే అది కెమెరాతో తీసి ఫోర్ కలర్‌లో కొట్టిన ఆఫ్‌సెట్. పేరు అక్షరాల అంచుల్లో కూడా చుక్కలుంటే ఇంక మాట్లాడేది లేదు.

రెండోది కాగితం. నోట్లు చూసే యూవీ టార్చి చీకట్లో వెయ్యి. మనం తెల్ల చొక్కాకి నీలిమందు పెట్టినట్టు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితం మిల్లులు గుజ్జులో తెల్లదనం మందు కలపడం మొదలెట్టాయి. ఆ కాగితం యూవీలో నీలంగా వెలుగుతుంది. 1910 నాటి అట్ట వెలగదు, మబ్బుగా ఉండిపోతుంది. వెలిగితే కొత్తది. వెలగనంత మాత్రాన పాతదని కాదు సుమా, మందు కలపని కాగితం ఇప్పుడూ దొరుకుతుంది.

శ్రీకర్_న్యూజెర్సీ

రాత్రి పదకొండు. పిల్లలు పడుకున్నాక బాత్‌రూమ్‌లో లైటు ఆర్పి టార్చి వేశా. ఆరు కార్డులు నల్లగా ఉండిపోయాయి. కాబ్ మాత్రం వినాయక చవితి సీరియల్ సెట్టులా వెలిగాడు.

లూపు కూడా పెట్టా. డాలెన్ బుగ్గ మీద ఇసక చల్లినట్టు గులాబీ చుక్కలు, టోపీ నీలం కొంచెం పక్కకి జరిగి ఉంది. కాబ్ ముక్కు మీద సూర్యంగారి ముగ్గే. పేరు అక్షరాల్లోనూ చుక్కలే.

ఓరుగల్లు_అనిల్

నౌకరీ బంద్ జెయ్యకు అన్నా.

పాతకాగితాల_పద్మ

బాధపడకు. మిగతా ఆరూ అసలువే అనిపిస్తోంది. ధర అంటావా, మామూలు ఆటగాళ్లవి, నలిగినవి అయితే వంద డాలర్ల లోపే దొరుకుతుంటాయి. హిందూ కొంచెం పైన పలుకుతుంది. అమ్మే ఉద్దేశం ఉంటేనే గ్రేడింగ్‌కి, అంటే కార్డు అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చేవాళ్లకి, పంపు. అంచులు కత్తిరించారేమో వాళ్లు చూస్తారు. నాలుగు మూలలూ కత్తిలా ఉన్న పాత కార్డుని నేను ముందు అనుమానిస్తా. పేరు మోసిన వాగ్నర్ కార్డు ఒకటి, ఒకప్పుడు ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ చేతిలో ఉన్నది, దాని అంచులు కత్తిరించింది తానేనని ఒక వేలంపాట వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అలాగని సన్నగా ఉన్న ప్రతిదీ కత్తిరించిందీ కాదు. వెనక అమెరికన్ బ్యూటీ సిగరెట్ల ప్రకటన ఉన్నవి పుట్టుకతోనే ఒక పిసరు సన్నం.

డాలస్_దివ్య

వాగ్నర్ పొగాకు అంటే గిట్టక తన బొమ్మ వద్దన్నాడని విన్నా, నిజమేనా పద్మక్కా?

పాతకాగితాల_పద్మ

పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టం లేదన్నాడని ఒక కథ, డబ్బివ్వలేదని కోపమని ఇంకోటి. ఆయన స్వయంగా పొగాకు నమిలేవాడు మరి. ఏదైతేనేం, అచ్చు మధ్యలో ఆగింది. అరవై లోపు మిగిలాయి. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి పోయింది.

శ్రీకర్, పేరు పోయిన కార్డు సంగతి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు 1887 నుంచి 1914 వరకు ఉన్న రెండు వేల పైచిలుకు కార్డులు నెట్‌లో ఉచితంగా పెట్టారు. కప్పు పట్టుకున్నవాడు నాకు తెలుసు కానీ చెప్పను, మీవాణ్ణి వెతకమను.

శ్రీకర్_న్యూజెర్సీ

పావుగంటలో పట్టేశాడు! హాల్ చేజ్, న్యూయార్క్.

పాతకాగితాల_పద్మ

శభాష్. ఫస్ట్ బేస్‌లో అంతటివాడు లేడనేవారు. పందేలు కాసి కావాలని ఆటలు ఓడిపోయేవాడనీ అనేవారు. ఎలుక పేరు మాత్రమే ఎందుకు కొట్టిందో మరి.

బ్యారన్_బాబ్జీ

అన్నీ బాగున్నాయి కానీ ఒక మాట. ఆ పెద్దాయనకి చెప్పావా? ఆయన పిల్లాడికి ఇచ్చింది బొమ్మలనుకుని.

శ్రీకర్_న్యూజెర్సీ

నాలుగు రోజులుగా అదే తొలుస్తోంది బాబ్జీగారూ. ఈరోజు సాయంత్రం డబ్బా తీసుకుని వెళ్లాను. హిందూ కార్డుకి కాస్త విలువుందని, అన్నీ వెనక్కి ఇచ్చేస్తానని చెప్పా. ముందు కాబ్‌ని చూసి పగలబడి నవ్వాడు. 1980ల్లో ఏదో మ్యూజియం కొట్లో కొడుక్కి కొన్నాడట. వాడు పెద్దయ్యాక తనే ఆ డబ్బాలో పడేశాడట. మిగతావి వాళ్ల నాన్న ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు సిగరెట్ కొట్టు బయట నిలబడి, పెట్టె కొని బయటికొచ్చిన ప్రతివాణ్ణీ "బొమ్మ ఇస్తారా" అని అడుక్కుని పోగేసినవట.

ఇచ్చింది ఇచ్చినట్టే అన్నాడు. ఒక్కటి మాత్రం తీసుకున్నాడు. హిందూ కాదు, డాలెన్ కాదు. పేరు పోయిన చేజ్.

అది ఎలుక కొట్టలేదట. రెండేళ్లప్పుడు ఈయనే కొరికేశాడట. వాళ్ల నాన్న పోయేదాకా దెప్పేవాడట దాని గురించి. ఆయన పుట్టింది 1941లో.

ప్రెస్సు_సూర్యం

అయితే రాసుకోండి. అచ్చు 1910, కొరుకు 1943.